దమ్ముచేలో మొండికేయు ట్రాక్టరు లిఫ్టు

ట్రాక్టరు వెనుక నాగలిని గాని, రోటావేటరును గాని పైకెత్తి దింపు సాధనమును హైడ్రాలిక్ లిఫ్టు అందురు. చలిదేశములలో ఈ లిఫ్టునకు శీతకాలమే పెద్ద శత్రువు. కెనడా మైదానములలోను, ఫిన్లాండులోను మంచు కురిసిన ఉదయమున నూనె తేనెవలె చిక్కబడి పంపులోనికి రాక మొరాయించును. ఆ నూనెలో కొంచెము నీరు చేరియున్నచో అది మంచు పలుకులుగా మారి జల్లెడ కన్నులను మూసివేయును. కోనసీమలో ఆ బాధ లేదు. జనవరి తెల్లవారుజామున సైతము అమలాపురమున చలి నీరు గడ్డకట్టు స్థాయికి చాల దూరముననే ఆగిపోవును. తెలుగునేలపై మంచు పేరుకొను చోటు చూడవలెనన్న తూర్పు కనుమలలో లంబసింగి వంటి ఊళ్ళకు పోవలెను. అయినను రాజోలు, కొత్తపేట ప్రాంతములలోని మెకానిక్కులకు జూలై నెలలో లిఫ్టు మరమ్మతులకు కొదువ ఉండదు. ఇచ్చటి శత్రువులు వేరు: బురదనీరు, ఒండ్రుమట్టి, ఎండ వేడిమి. విచిత్రమేమనగా, చలిదేశపు జబ్బునకు, కోనసీమ జబ్బునకు మూలము ఒక్కటే. నూనె చిక్కదనము మారుట ఒకటి, నూనెలో నీరు చేరుట మరొకటి.

లిఫ్టు చెడుట కోనసీమ రైతునకు షెడ్డుతో ముగిసిపోవు విషయము కాదు. అది పంటకాలముతో ముడిపడిన విషయము. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరము వద్ద ఆనకట్టను పూర్తిచేయించిన పిమ్మట, గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ లంకసీమకు కాలువ నీరు నమ్మకముగా అందసాగెను. వేసవిలో మరమ్మతులకై కట్టివేసిన కాలువలకు తొలకరి వేళకు నీరు వదలుదురు. ఆ నీరు చేలలోనికి పారినది మొదలు సార్వా దమ్ములు సాగును. మారుటేరు పరిశోధన స్థానమున రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ రకము కోతకు వచ్చుటకు సుమారు 150 దినములు పట్టును. జూన్‌లో నారు పోసి జూలైలో నాటినచో నవంబరు నడుమకు పంట ఇల్లు చేరును. నాటు ఆగస్టులోనికి జారినకొలది ఆ పంట నవంబరు కడవరకు చేలోనే నిలిచియుండును. అక్టోబరు, నవంబరు మాసములలో బంగాళాఖాతము ఏమి చేయగలదో 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమ చూచియే యున్నది. గిట్టుబాటు లేదని, ఖర్చులు పెరిగినవని, మురుగు పోవు దారి లేదని 2011లో ఇచ్చటి రైతులు సార్వాకు పంటవిరామమే ప్రకటించిరి. అట్టి సీమలో అద్దెకు వచ్చు ఒక్క ట్రాక్టరు పది కమతములకు వంతులవారీగా దమ్ము చేయుచుండగా, దాని లిఫ్టు మూడు రోజులు పడుకొన్నచో ఆ వంతులన్నియు వెనుకబడును.

కావున ఈ సాధనము ఎట్లు పనిచేయునో, ఎచ్చట చెడునో రైతునకును, డ్రైవరునకును కొంత తెలిసియుండుట మేలు. మెకానిక్కు పనిని వారు చేయనక్కరలేదు. రోగము ఏదో గుర్తించినచో చాలును. వెలగల పంపును అనవసరముగా మార్పించుట, కేవలము మీట తప్పుగా ఉన్నందులకు లిఫ్టును విప్పించుట వంటి నష్టములు చాలవరకు తప్పును.

మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము ద్రవమంతటను, అన్ని దిక్కులను, తగ్గకుండ ప్రసరించును. ఫ్రాన్సు దేశీయుడైన బ్లేజ్ పాస్కల్ పదునేడవ శతాబ్దమున తెలిపిన ఈ నియమమే లిఫ్టునకు మూలము. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దీనిని అనుసరించి ద్రవపీడన యంత్రమునకు పేటెంటు పొందెను. ట్రాక్టరునకు దీనిని అతికినట్టు అమర్చిన కీర్తి హ్యారీ ఫెర్గుసన్‌ది. ఐర్లండులో పుట్టిన ఈయన నాగలిని ట్రాక్టరు వెనుక తాడుగట్టి లాగు వస్తువుగా కాక, మూడు కడ్డీలతో ట్రాక్టరునకు అంగముగా చేసి, ఆ కడ్డీలను నూనె పీడనముతో ఎత్తించి, నేల గట్టిదనమును బట్టి నాగలి దానంతట అదే పైకి క్రిందికి సర్దుకొనునట్లు చేసెను. 1938లో హెన్రీ ఫోర్డుతో ఈయన కుదుర్చుకొన్న ఒప్పందము నోటిమాట పైననే జరిగినది. ఆ ఫలితముగా 1939లో ఫోర్డు–ఫెర్గుసన్ ట్రాక్టరు వచ్చినది. ఆ స్నేహము తరువాత కోర్టుకెక్కిన సంగతి వేరు. 1960లో మద్రాసున స్థాపితమైన టాఫే సంస్థ మాసీ ఫెర్గుసన్ ట్రాక్టర్లను మన దేశమున తయారుచేయ నారంభించుటతో ఈ ఏర్పాటు దక్షిణాది చేలకు చేరువైనది. నేడు ఏ కంపెనీ ట్రాక్టరు వెనుక చూచినను కనబడునది ఆ మూడు కడ్డీలే.

లిఫ్టులో ముఖ్యాంగములు నాలుగు. నూనె నిలువయుండు తొట్టి. పెక్కు ట్రాక్టర్లలో గేరు పెట్టె, వెనుక ఇరుసు, లిఫ్టు ఈ మూడింటికిని ఒకే నూనె. ఆ నూనెను తోడి నెట్టు పంపు. ఆ నూనెను ఎటు పంపవలెనో నిర్ణయించు కంట్రోలు వాల్వు. నూనె నెట్టగా కదలి చేతులను పైకెత్తు పిస్టను, దాని సిలిండరు. వీనితోపాటు పీడనము హద్దు మీరినపుడు నూనెను తొట్టిలోనికి వదలివేయు రిలీఫ్ వాల్వు కలదు. ఇది కొలిమిపై కుండకు మూత ఎగురునట్లు రక్షణకై ఏర్పడినది.

ఉదాహరణకు సిలిండరు అడ్డుకొలత 9 సెంటీమీటర్లు అనుకొన్నచో పిస్టను వైశాల్యము సుమారు 64 చదరపు సెంటీమీటర్లు. నూనె పీడనము చదరపు సెంటీమీటరునకు 150 కిలోలకు చేరినపుడు పిస్టనుపై పడు బలము 9,600 కిలోలు, అనగా తొమ్మిదిన్నర టన్నులకు పైమాట. మీటల అమరిక వలన ఇందులో కొంత భాగమే కడ్డీల చివర బరువెత్తు శక్తిగా దక్కును. దానికి బదులు పిస్టను కొద్దిగా కదలినంతనే కడ్డీలు చాల ఎత్తు లేచును. పిస్టను 11 సెంటీమీటర్లు జరుగుటకు సుమారు 700 ఘన సెంటీమీటర్ల నూనె కావలెను. పంపు నిమిషమునకు 20 లీటర్లు పోయునదైనచో రెండు సెకన్లకు కొంచెము పైగా పట్టును. ఈ రెండు సెకన్ల లెక్క గుర్తుంచుకొనదగినది. నూనె దారిలో సగము కారిపోయినచో అదే పనికి నాలుగు సెకన్లు పట్టును. అంతయు కారిపోయినచో ఇంజను ఎంత అరచినను రోటావేటరు నేల విడువదు.

కారుట అనగా బయటికి కారుట కాదు. పంపులో తిరుగు పండ్లచక్రములకు, వాని గోడలకు నడుమ సందు మైక్రాన్లలో కొలువబడును; సాధారణముగా అయిదు మొదలు ఇరువది మైక్రాన్లు. మైక్రాను మిల్లీమీటరులో వేయవవంతు. మనిషి తలవెంట్రుక మందము సుమారు డెబ్బది మైక్రాన్లు. ఇంత సన్నని సందు గుండ నూనె తిరిగి వెనుకకు పోకుండుటకు తోడ్పడునది నూనె చిక్కదనమే. శాస్త్రజ్ఞులు దీనిని స్నిగ్ధత అందురు. ఇట్టి సందులో కారుడు పీడనముతోపాటు పెరుగును, స్నిగ్ధత పెరిగినచో తగ్గును. అన్నిటికంటె ముఖ్యముగా, సందు వెడల్పు యొక్క ఘనమును అనుసరించి పెరుగును. సందు రెట్టింపైనచో కారుడు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. పంపు గోడ పది మైక్రాన్లు అరిగినదన్న కంటికి కనబడదు, వ్రేలికి తగులదు. లిఫ్టునకు మాత్రము తెలియును.

ఇపుడు గోదావరి ఒండ్రు సంగతి చూడవలెను. కోనసీమ నేలకు బలమిచ్చిన ఆ మెత్తని మట్టి రేణువులలో పెక్కింటి పరిమాణము రెండు మొదలు అరువది మైక్రాన్లు. అనగా పంపు సందులోనికి సరిగ్గా దూరి ఇరుకుకొనుటకు తగిన పరిమాణము! అంతకంటె పెద్ద ఇసుకరేణువును జల్లెడ ఆపును. అంతకంటె చిన్నదైన బంకమట్టి రేణువు సందులోనుండి జారిపోవుటకు వీలున్నది. ఈ నడిమి రేణువే చేటు. అందులో పలుగురాతి పొడి ఉండును. పలుగురాయి మామూలు ఉక్కు కంటె గట్టిది. నూనెతో కలిసి అది ఆకురాయిపై వేసిన నూనెవలె పంపు గోడలను సానబట్టును. వరికి ప్రాణమైన మట్టియే పంపునకు మృత్యువగుట కొంత వింతగా తోచును.

ఈ మట్టి లోనికెట్లు పోవును? దారులు చాల కలవు. చేలోనే మూత తీసి, పొలము గట్టుపై పడియున్న గరాటుతో, కిరసనాయిలు డబ్బాతో నూనె పోయుట ఒక దారి. కొబ్బరికాయల బండిని, ఇసుక బండిని ఎత్తిపోయుటకు తగిలించు గొట్టముల చివరలు బురదలో వ్రేలాడుచుండగా అట్లే తెచ్చి బిగించుట మరొక దారి. ఆ చివరలకు మూతలుండును గాని మొదటి నెలలోనే అవి కనబడకుండ పోవును. అన్నిటికంటె పెద్దదారి వెనుక ఇరుసు సీళ్ళు. దమ్ములో ఇనుప పంజరపు చక్రములు, అనగా కేజీ వీల్సు, బిగించి నడుపునపుడు ఇరుసు మొదలు బురదలో మునిగి తేలుచుండును. వరికొయ్యలు, గడ్డిపోచలు, గట్లపై చిక్కుకొన్న నైలాను పీచు ఇరుసునకు చుట్టుకొని సీలు పెదవిని కోయును. సీలు పని లోని నూనెను బయటికి రానీయకుండుట మాత్రమే కాదు, బయటి బురదను లోనికి రానీయకుండుట కూడ. నూనె బయటికి చుక్కలు పడుటను రైతు చూచును. బురద లోనికి పోవుట ఎవరికిని కనబడదు.

దమ్ము ముగిసిన వెంటనే వేడిగానున్న ట్రాక్టరును కాలువలోనికో చెరువులోనికో దింపి కడుగుట ఇచ్చట పరిపాటి. ఇందులో దాగియున్న ప్రమాదమును లెక్కవేసి చూపవచ్చును. పనిచేసి వచ్చిన ఇరుసు పెట్టెలోని గాలి వేడి 70 డిగ్రీలు, కాలువ నీరు 28 డిగ్రీలు అనుకొనుడు. మూసియున్న గాలి పీడనము నిరపేక్ష ఉష్ణోగ్రతను అనుసరించి తగ్గును. అనగా 343 నుండి 301కి తగ్గినపుడు పీడనము నూటికి పండ్రెండు వంతులు పడిపోవును. ఇది సుమారు 1.25 మీటర్ల లోతున నీరు నెట్టు బలముతో సమానము. ఇరుసు మోకాలి లోతు నీటిలో ఉన్నను, నిలువెత్తు నీటి అడుగున ఉన్నట్లే సీలుపై నీరు ఒత్తును. ఈ బాధ లేకుండుటకే పెట్టెపైన బ్రీదరు అను చిన్న గాలిమూత నుంచిరి. గాలి దాని గుండ వచ్చి పోవుచుండినచో లోపల శూన్యమేర్పడదు. కాని ఆ మూతపై బురద ఎండి గట్టిపడినచో పెట్టె మూతబిగించిన సీసా వంటిదగును. వ్రేలెడంత లేని ఆ మూతను వారమునకొకసారి తీసి శుభ్రము చేయుటకు అయిదు నిమిషములు చాలును. ఇంత చవుకైన మరమ్మతు ట్రాక్టరులో మరొకటి లేదు. ట్రాక్టరు చల్లారిన పిదప కడుగుట దీనికి తోడు. సముద్రతీరమున, అంతర్వేది వైపు, పోటు వేళ ఉప్పునీరు మురుగుకాలువలలోనికి ఎగదన్ను చోట్ల ఈ జాగ్రత్త మరింత అవసరము. ఉప్పునీరు ఇనుమును త్వరగా తినును.

నీరు చేరిన నూనె పాలవలె తెల్లబడును. నీరు స్వచ్ఛమే, నూనెయు వెలుతురును పోనిచ్చునదే; కాని నీరు సన్నని బిందువులై నూనెలో చెదరినపుడు ప్రతి బిందువును వెలుతురును ప్రక్కకు వంచును. లక్షల బిందువులు ఇట్లు వంచగా చూపరికి తెలుపు కనబడును. కొబ్బరిపాలు తెల్లగా ఉండుటకును కారణమిదియే. అందు నీటిలో నూనె బిందువులు, ఇందు నూనెలో నీటి బిందువులు. అయితే తెలుపంతయు నీరు కాదు. నూనె మట్టము తగ్గి పంపు గాలి పీల్చినను నూనె నురుగెత్తి తెల్లబడును. ఈ రెంటిని వేరు చేయుటకు గాజుసీసా చాలును. నూనెను సీసాలో పోసి కదల్పకుండ అరగంట ఉంచినచో గాలి బుడగలు పైకి పోయి అడుగునుండి తేటపడుచు వచ్చును. తేటపడనిచో అది నీరు. రాత్రియంతయు ఉంచిన సీసాలో అడుగున నీరు వేరుపడవచ్చును. బంకమట్టి కలిసినచో వేరుపడదు, ఏలయన ఆ రేణువులు బిందువుల చుట్టును చేరి అవి కలిసిపోకుండ కాపలా కాయును.

అనుమానము తీరనిచో ఇంకొక పరీక్ష కలదు. నీటి మరుగుస్థానమును దాటి బాగుగ కాగిన ఇనుప పెనముపై ఆ నూనెను రెండు మూడు చుక్కలు వేయవలెను. నీరున్నచో చిటపటలాడును, లేనిచో మెల్లగా పారి పొగలెత్తును. వేయిపాళ్ళలో ఒక పాలు నీరున్నను ఈ పరీక్ష పట్టియిచ్చును. ఆరుబయట, ముఖము దూరముగా ఉంచి, చుక్కలతో మాత్రమే చేయవలసిన పని ఇది. గరిటెడు నూనె పోయరాదు. వీనికంటె సులువైనది ఉదయపు పరీక్ష. రాత్రి నిలిచియున్న ట్రాక్టరులో నీరు అడుగునకు దిగును. ఇంజను ముట్టించక మునుపే అడుగు బోల్టును కొద్దిగా వదులు చేసినచో ముందుగా వచ్చునది నీరో నూనెయో తెలిసిపోవును.

ఆ నీరు పంపులో ఏమి చేయునో వినదగినది. నీరు నూరు డిగ్రీల వద్ద మరుగునన్నది మామూలు గాలి పీడనము వద్ద మాట. పీడనము అయిదవవంతునకు తగ్గినచో అరువది డిగ్రీలకే మరుగును. జల్లెడ మట్టితో మూసుకొనిపోయినపుడు పంపు పీల్పువైపు పీడనము బాగుగ తగ్గును. వేడి నూనెలోని నీటి బిందువులు అచ్చట ఆవిరి బుడగలగును. పంపు దాటి పీడనమున్న వైపునకు వచ్చినంతనే ఆ బుడగలు ఒక్కసారిగా పగిలి కుదించుకొనును. ఆ దెబ్బకు ఉక్కుపై మశూచి మచ్చల వంటి గుంటలు పడును. పంపులో గులకరాళ్ళు పోసి త్రిప్పినట్లు చప్పుడు వచ్చుట దీని గుర్తు. గాలి పీల్చినను ఇట్టి చప్పుడే వచ్చును. ఏది ఎట్లైనను ఆ చప్పుడుతో పని సాగించుట పంపును చేజేతుల చంపుకొనుటయే.

ఇక రోగ నిర్ణయము. ఇందు చేతి గడియారము, రైతు జ్ఞాపకము రెండును పనికివచ్చును. డ్రైవరును మొదట అడుగవలసిన ప్రశ్న: లిఫ్టు మొరాయించినది పొద్దుటనా, మధ్యాహ్నమా? దాళ్వా నాట్ల వేళ తెల్లవారున 20 డిగ్రీల వద్దనున్న నూనె, ఎండలో పనిచేసి 70 డిగ్రీలకు వచ్చుసరికి దాని స్నిగ్ధత ఆరు రెట్లకు పైగా తగ్గును. పొద్దుట మందముగా లేచి, ఇంజను వేడెక్కిన పిదప చురుకైనచో నూనె పంపునకు సరిగా అందుట లేదని అర్థము. జల్లెడ మూసుకొనియుండవచ్చును, లేదా కంపెనీ చెప్పినదానికంటె చిక్కని నూనె పోసియుండవచ్చును. ఇది చలిదేశపు రోగమునకు చిన్న తోబుట్టువు. పొద్దుట బాగుగ లేచి, పదకొండు గంటలకు మందగించి, మిట్టమధ్యాహ్నమునకు పడుకొన్నచో అది అరుగుదల రోగము. చిక్కని నూనె మూసియుంచిన సందులు నూనె పలుచబడగనే తెరచుకొన్నవన్నమాట. కోనసీమలో ఎక్కువగా వినవచ్చునది ఈ రెండవదియే. దీనికి చిక్కని నూనె పోసి కొన్నాళ్ళు నెట్టుకొని వచ్చువారు లేకపోలేదు. అది జ్వరమునకు తడిగుడ్డ వంటిది. పైగా మరునాటి ఉదయము మొదటి రోగమును తెచ్చిపెట్టును.

రెండవ ప్రశ్న: ఖాళీగా లేచునా, బరువుతో లేచునా? రోటావేటరు విప్పినపుడు రెండు మూడు సెకన్లలో చేతులు లేచి, తగిలించినపుడు లేవనిచో నూనె వచ్చుచున్నది గాని పీడనము పుట్టుట లేదని తెలియును. పంపు అరిగియుండును, లేదా రిలీఫ్ వాల్వు స్ప్రింగు బలహీనమై ముందుగానే తెరచుకొనుచుండును. ఈ రెంటిలో ఏదో చెవితో చెప్పజాలరు. మెకానిక్కు పీడనమాపకమును తగిలించి చూడవలెను. ముల్లు కంపెనీ చెప్పిన అంకె చేరినచో పంపును నిందింపరాదు. రిలీఫ్ వాల్వు క్రింద రేకుముక్క లుంచి పీడనమును పెంచుట కొందరు చేయుదురు. అది ఆవిరి బాయిలరు మూతపై రాయి పెట్టుట వంటిది.

మూడవది, ఎత్తినది నిలుచునా? రోటావేటరును పైకెత్తి ఇంజను ఆపి చూడవలెను. మెల్లగా దిగుట కొంతవరకు సహజము. నిమిషములోపలనే నేలకు చేరినచో పిస్టను రబ్బరు చుట్టు గాని, నూనెను వెనుకకు రానీయకుండ ఆపు వాల్వు గాని చెడినది. పంపు కాదు, ఏలయన ఆ సమయమున పంపు తిరుగుటయే లేదు. ఇంజను నడుచుచుండగా ఎత్తిన పరికరము ఎక్కిళ్ళు వచ్చినట్లు కొద్దిగా జారి మరల ఎగురుచున్నను ఇదే కారణము: కారిన నూనెను వాల్వు పదేపదే పూరించుచున్నది.

వీనన్నిటికంటె ముందు చూడవలసినవి విప్పనక్కరలేనివి. పరికరమును దింపి, సమనేలపై నూనె మట్టము చూడవలెను. కొన్ని ట్రాక్టర్లలో పంపు తిరుగుటకు పి.టి.ఓ. మీట వేయవలసియుండును, అది వేయక లిఫ్టు చెడినదనుకొన్నవారు కలరు. ఇక లిఫ్టు మీటలు రెండు. ఒకటి ఎత్తును నిలుపునది. రెండవది లాగుడు బరువును బట్టి నాగలిని సర్దునది, ఫెర్గుసన్ పేరు నిలిపినది. మెట్టదుక్కిలో రెండవది వరమే. దమ్ములో మాత్రము అది మోసము చేయును. బురదలో లాగుడు బరువు తక్కువ. దానిని పెంచవలెనని యంత్రము పరికరమును ఇంకను లోతునకు దింపును. అది బురద క్రిందనున్న గట్టిపొరను త్రవ్వివేయును. ఏండ్ల దమ్ములతో ఏర్పడిన ఆ పొరయే చేలో నీటిని నిలుపునది. పొర పగిలిన చోట నీరు ఇంకిపోవును, మరుసటి యేడు ట్రాక్టరు అచ్చటనే దిగబడును. కావున దమ్మునకు ఎత్తు మీటయే వాడవలెను.

నీరు చేరినదని తేలినచో నూనె మార్చుట తప్ప వేరు దారి లేదు. ముప్పది, నలుబది లీటర్లు పట్టు ట్రాక్టర్లలో ఇది చిన్న ఖర్చు కాదు, నిజమే. కొత్త పంపు ఖర్చుతో పోల్చి చూచుకొనవలెను. నూనె వేడిగానున్నపుడే దింపినచో నీరు, మట్టి తేలియుండి దానితోనే వచ్చును. జల్లెడను డీసెలుతో కడిగి ఆరబెట్టవలెను. నూలుగుడ్డతో తుడిచినచో దాని పోగులే మరల కన్నులను మూయును. సీలు మార్చకుండ నూనె మాత్రము మార్చుట చిల్లుకుండలో నీరు పోయుటయే. నూనెలో మునిగియుండు బ్రేకులు గల ట్రాక్టర్లలో ఆ నూనె బ్రేకులకు కూడ పనికిరావలెను గనుక, ఇంజను ఆయిలు గాని, షెడ్డులో మిగిలిన పాత ఆయిలు గాని పోయరాదు. కంపెనీ పుస్తకములో వ్రాసిన గంటల లెక్క మామూలు పనికి ఉద్దేశించినది. చక్రము మునుగ బురదలో తిరుగు ట్రాక్టరునకు సార్వా దమ్ములు ముగియగనే ఒకమారు, దాళ్వా దమ్ములు ముగియగనే ఒకమారు నూనెను చూచుట మంచిది.

ఈ పనులలో ప్రాణాపాయము రెండు విధముల కలదు. ఎత్తియున్న రోటావేటరు క్రింద దూరి గడ్డి లాగుట మొదటిది. దానిని మోయుచున్నది ఇనుము కాదు, నూనె. రబ్బరు చుట్టు తెగినచో, లేక ఎవరైన పొరపాటున మీట కదపినచో నాలుగు వందల కిలోలు మీదపడును. ఎత్తిపోయు ట్రక్కు సంగతియు నంతే. కర్రదిమ్మలు పెట్టియే క్రిందికి పోవలెను. రెండవది కంటికి కనబడనిది. గొట్టమునకు సూదిమొన యంత చిల్లు పడినచో అందుండి వెలువడు నూనెధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. పైకి చీమకుట్టినంత గాయము, తొలుత నొప్పియు స్వల్పము. కొన్ని గంటలలో చేయి వాచి, లోపలి కండ కుళ్ళి, వ్రేలు తీసివేయవలసిన గతి పట్టవచ్చును. అందుచేత కారుడు ఎచ్చటనో చేతితో తడిమి చూడరాదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడవలెను. అట్టి గాయమైనచో పసుపు అద్ది ఊరకుండక, వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి పోయి, పీడనముతో నూనె లోనికి పోయినదని స్పష్టముగా చెప్పవలెను. చెప్పనిచో గాయము చిన్నదని కట్టుకట్టి పంపివేయు అవకాశము కలదు.

దింపిన పాతనూనెను ఏమి చేయవలెనన్నది మిగిలినది. కోనసీమలో షెడ్లు పెక్కు కాలువగట్లపైననే ఉన్నవి, నూనె పోయుటకు కాలువ అందుబాటులోనే ఉండును. కాని ఆ కాలువ నీరే దిగువ ఊళ్ళ చెరువులను నింపును, ఆ చెరువుల నీరే కడవలకెక్కును. లీటరు నూనె నీటిపై ఎంతో దూరము పలుచని పొరగా పరచుకొనును. వరిచేలోనికి పోయినచో ఆ పొర గాలిని నీటిలోనికి దిగనీయదు. మూతగల డబ్బాలలో నింపి ఉంచినచో పాతనూనెను కొని శుద్ధిచేయు అనుమతిగల వర్తకులకు అమ్మవచ్చును. అందులో నీరెంత కలిసినదో వారును ముందుగా పరీక్షించియే ధర చెప్పుదురు.